తిమ్మక్క వాళ్ళ వీరగల్లు, చరిత్ర సంఘంలో నా కొలువు

ఈ మధ్య హోసూరు నుంచి ఇద్దరు పిల్లలు బైకు మీద వచ్చారు. చదువుకున్నవాళ్ళే. వాళ్ళ ఊళ్ళో చరిత్ర సంఘం పెట్టాలట, కాలానికొక ప్రదర్శన నడపాలట, ఆ పని ఎలా చేయాలో చెప్పమన్నారు. వద్దన్నాను. నవ్వారు. నేను ఏది చెప్పినా జనం నవ్వుతారు, అది నా పని నాకు అంటించిన జబ్బు. అందుకని నోటితో చెప్పడం మాని రాస్తున్నాను. రాసిన మాటనైనా నమ్ముతారేమో చూడాలి.

బాగలూరు దారిలో ఒక ఊరి చరిత్ర సంఘంలో జీతానికి పనిచేసినవాణ్ణి నేను. సామాను సేకరించడం, ప్రదర్శన పెట్టడం, జనాన్ని పిలవడం, వచ్చినవాళ్ళకు ఏది ఏమిటో చెప్పడం నా పని. అరవై రాకముందే రిటైరయ్యాను. ఇంకా నిజం చెప్పాలంటే ముందు సంఘం రిటైరయింది, దాని వెనకే నేనూ ఇంటికి వచ్చేశాను. ఇన్నేళ్ళలో ఏం కాపాడావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్కటీ లేదు. ఏం పోగొట్టామో మాత్రం చెప్పగలను.

పట్టుపురుగుల షెడ్డు

సంఘం పెట్టింది నారాయణప్ప గారు. మా అధ్యక్షుడు, నా యజమాని. మెట్ట మీద తరతరాలుగా రాగులు, ఉలవలు పండించే కుటుంబం. తండ్రి పోయాక అటక దించితే అందులో సగం పనిముట్లకు ఆయనకు పేర్లు తెలియలేదట. అడుగుదామంటే తండ్రి లేడు. ఆ బాధలో పుట్టింది సంఘం. మల్బరీ పీకేశాక ఖాళీగా పడివున్న పట్టుపురుగుల షెడ్డును కడిగించి సున్నం కొట్టించి ప్రదర్శనశాల చేశారు. ఎంత కడిగినా వానాకాలంలో పురుగుల వాసన వచ్చేది. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయనకు అది చరిత్ర వాసన అని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు.

రాగి కోతలయ్యాక కల్లం సామాను పెట్టేవాళ్ళం. మామిడి కాలంలో నీళ్ళ సామాను: బావి మీది గిలక, ఎద్దులు లాగే తోలు బాన, మోకులు. తొలకరికి ముందు విత్తనాలు, వాటిని సాలులో వేసే గొర్రు, గింజలు పోసే జడ్డిగాలు. నారాయణప్ప గారు ప్రతి వస్తువు కిందా అట్టముక్క మీద చక్కటి చేతిరాతతో పేరు, వాడుక రాసేవారు. ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. మొదటి ఏడాది జనం వచ్చి, గుళ్ళో తిరిగినట్టు ఒక చుట్టు తిరిగి, టీ ఎక్కడిస్తారని అడిగి వెళ్ళిపోయారు.

రెండో ఏడాది నేను ఏనుగును దించాను. డెంకణికోట అడవిలోంచి దారి తప్పిన ఏనుగొకటి మా ప్రదర్శనకు వచ్చిందనీ, ఎవరినీ తొయ్యకుండా ఆడవాళ్ళ వరసలో నిలబడిందనీ, చేటల దగ్గరికి వచ్చేసరికి ఒక చేట ఎత్తి తన చెవి పక్కన పెట్టి కొలుచుకుందనీ చెప్పాను. మరుసటి ఆదివారానికి షెడ్డు నిండిపోయింది. హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆంధ్రా కుటుంబాలు ఆటోలు కట్టించుకుని వచ్చి, ఏనుగు ఎత్తిన చేట ఏదండీ అని అడిగారు. ఒక చేటను చూపించాను. దానితో ఫోటోలు దిగారు.

నారాయణప్ప గారు నన్ను పక్కకు పిలిచారు. "అట్ల చెప్పద్దప్పా. చేట సంగతి చెప్పు. మధ్యలో ఏనుగెందుకు?"

"ఏనుగు లేకుంటే చేట మొగమెవురు చూస్తారన్నా?" అన్నాను.

తెలియనిది తెలియదని చెప్పాలన్నది ఆయన నియమం. తెలియనిది కూడా అందంగా చెప్పాలన్నది నాది. ఇద్దరిలో ఎవరి దారి మంచిదని ఆ పిల్లలు అడిగారు. రెండు దారులూ చివరికి ఒక్క చోటికే పోయాయి, అది రాయడానికే కూర్చున్నాను.

చూపిన వస్తువు ఊళ్ళో మిగలదు

మేము వస్తువులు కొనలేదు. ఇళ్ళల్లోంచి అడిగి తెచ్చి, ప్రదర్శనయ్యాక తిరిగి ఇచ్చేసేవాళ్ళం. ఊరి వస్తువు ఊరివాళ్ళ దగ్గరే ఉండాలని నారాయణప్ప గారి పట్టుదల. వినడానికి ఎంత బాగుందో చూడండి.

గొడ్లపాకలో కోళ్ళు ఎక్కి కూర్చునే పాత కాడిని మేము తెచ్చి, తుడిచి, నూనె రాసి, గుడ్డ పరచి, మీద దీపం వెలుతురు పడేటట్టు పెట్టాం. దాని యజమాని వచ్చి చూసి, ఇంత విలువైనదా నా కాడి అనుకున్నాడు. అలా అనుకున్నాడని పాత సామాను కొనే వ్యాపారులకు ఎలా తెలిసిందో గాని, మా ప్రదర్శన ముగిసిన వారంలోనే వాళ్ళ టెంపో ఊళ్ళోకి వచ్చేది. మరుసటి ఏడాది పోయి అదే వస్తువు అడిగితే ఇంటివాళ్ళు మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు.

కృష్ణగిరి వైపు పెద్ద రోడ్డు మీద పల్లె భోజనం పెడతామనే హోటలొకటి తెరిచారు. ఒకసారి ఇద్దరం పనిమీద పోతూ అందులోకి పోయాం. మా ప్రదర్శన మొత్తం గోడలకు వేలాడుతోంది. గొర్రు, జడ్డిగం, బాన, కాడి. బానలో ప్లాస్టిక్ పూలు పెట్టారు. నారాయణప్ప గారు వడ్డించే మనిషిని పిలిచి, గొర్రును చూపించి, ఇది ఏమిటని అడిగారు. డెకరేషన్ సార్ అన్నాడతను. ఆయన విస్తరి ముందు నుంచి లేచి పోయి చేయి కడుక్కున్నారు. అన్నంలో చేయి పెట్టనే లేదు.

ఒక వస్తువు విలువ నలుగురికీ తెలిస్తే అది నిలుస్తుందని పుస్తకాల్లో చదివి వస్తారు మీరు. మా ఊళ్ళో కోళ్ళు ఎక్కినన్నాళ్ళూ ఆ కాడి భద్రంగానే ఉంది.

తిమ్మక్క తాత

అమ్మడానికి వీల్లేనిది ఒక్కటే ఉండేది. ఊరి బయట ఉలవచేను మూలలో ఒక వీరగల్లు. తమిళంలో నడుకల్లు అంటారు, ఈ జిల్లాలో చాలా చోట్ల కనిపిస్తాయి. పోరులో చచ్చినవాడి గుర్తుగా నిలబెట్టిన బండ. దీని మీద కత్తి ఎత్తిన ఒక మనిషి, అతని కాళ్ళ దగ్గర తోక పైకెత్తిన కుక్క. అక్షరాలు లేవు.

ఆ రాయి తిమ్మక్క అత్తింటివాళ్ళది. తిమ్మక్క అరవై దాటిన మనిషి, భర్త లేడు, గులాబీల గ్రీన్‌హౌసులో పూలు కోసే పనికి పోయేది. రాయి గురించి ఆమెకు తెలిసింది చాలా కొంచెం. రాతి మీది మనిషి గొడ్లు కాసేవాడు. గొడ్లు తోలుకుపోవడానికి ఎవరో వచ్చారు. ఆయన, కుక్క అడ్డం నిలబడ్డారు, ఇద్దరూ అక్కడే పోయారు. అంతే. మొదటిసారి పోయినప్పుడు పేరేమిటని అడిగాను.

"తాత" అంది.

"తాతకు పేరుండదా తిమ్మక్కా?"

"తాతను పేరు పెట్టి పిలుస్తారా ఎవురన్నా?"

ఏడాదికొకసారి, రాగులు కొట్టాక, కొత్త పిండితో సంగటి కెలికి, కోడిని కోసి పులుసు పెట్టి ఆ ఇంటివాళ్ళు చేనికి తెచ్చేవాళ్ళు. ముందు ఒక చిటికెడు సంగటి పులుసులో అద్ది కుక్క ముందు పెట్టాలి. తర్వాతే తాతకు ముద్ద. కుక్క తినకుండా ఆయన తినడని వాళ్ళ నమ్మకం. తర్వాత అందరూ రాయి చుట్టూ కూర్చుని తినేవాళ్ళు. మిగిలింది ఇంటికి తేకూడదు, చేలోనే అయిపోవాలి. రాగుల కాలం ప్రదర్శనకు వచ్చినవాళ్ళను ఆ రోజు మేము చేనికి నడిపించుకుని పోయేవాళ్ళం. ఎంతమంది వచ్చినా తిమ్మక్క ప్రతి ఒక్కరి చేతిలో ఇంత సంగటి పెట్టేది.

ఈ రాయి జోలికి మాత్రం నీ నోరు తేవద్దని నారాయణప్ప గారు నాకు గట్టిగా చెప్పారు. నేనూ తేలేదు. కుక్కకు ముందు పెట్టే ఇంటి దగ్గర నా కథలు ఎవరికి కావాలి?

లేఅవుట్

చేను తిమ్మక్క మరిది పేరిట ఉండేది. అతను ఇళ్ళ స్థలాలు వేసేవాళ్ళకు అమ్మేశాడు. చుట్టుపక్కల అందరూ అమ్ముతున్నారు, అతన్ని తప్పుపట్టే మొహం నాకు లేదు. వాళ్ళు కొలిచి రాళ్ళు పాతాక చూస్తే తాత సరిగ్గా రోడ్డు మధ్యలో ఉన్నాడు.

అక్కడి మేనేజరు శ్రీనివాస్ గారని ఆంధ్రా నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు. రాయిని జేసీబీతో జాగ్రత్తగా తీసి మా షెడ్డుకు చేరుస్తామని, కావాలంటే కింద సిమెంటు దిమ్మె కూడా కట్టిస్తామని చెప్పాడు. నారాయణప్ప గారు ఆ పూట భోజనం మరచి ఆలోచించారు. సంఘానికి జన్మలో దొరకని వస్తువు నడిచి గుమ్మంలోకి వస్తోంది. చివరికి తిమ్మక్కను అడుగుదామన్నారు.

"మీ షెడ్డులో ఏమి చేస్తాడప్పా మా తాత?" అందామె. "ఆయప్ప చచ్చింది ఈడ."

నారాయణప్ప గారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన గురించి నేను ఎన్ని ఎకసెక్కాలాడినా, చేతికొచ్చినదాన్ని ఆ ఒక్క మాటకు వదిలేసిన మనిషి అని మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆయన తన దారిలో పోయారు. రాయిని ఉన్న చోటే ఉండనివ్వమని ఆఫీసులకు తిరిగారు. పోయిన చోటల్లా కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, చూస్తామన్నారు. చేలోనే ఒక ప్రదర్శన పెట్టాం. వీరగల్లు అంటే ఏమిటో మూడు భాషల్లో రాయించాం. ఒక్క అబద్ధం లేదు అందులో. జనం బాగానే వచ్చారు, అయ్యో అన్నారు, రాయి పక్కన నిలబడి ఫోటోలు దిగారు, కొంతమంది అక్కడే మేనేజరును ప్లాట్ల సంగతి కూడా విచారించి పోయారు.

జేసీబీ వచ్చి చేని గట్టున నిలబడిన రోజు తిమ్మక్క మా ఇంటికి వచ్చింది. నారాయణప్ప గారి దగ్గరికి కాదు, నా దగ్గరికి. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఊరందరికీ ఎన్నో బొంకులు చెప్తావు గదప్పా" అంది. "నాకోసరం ఒకటి చెప్పు."

నేను చెప్పిన కథ

చెప్పాను. ముందు జేసీబీ ఆపరేటరుకు చెప్పాను, అతను టీ తాగుతుంటే పక్కన కూర్చుని, అతను అడగకుండానే, అడిగినా చెప్పడానికి ఇష్టం లేనట్టు. వెనకటికి ఒక పాలెగాడు ఈ రాయిని తన కోటలో నిలబెడదామని బండికెత్తించాడు. కోట గుమ్మం దగ్గర ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. పొద్దున చూస్తే బండి మీద రాయి లేదు, మళ్ళీ చేలో తన చోట నిలబడివుంది. రాతి కాళ్ళకు దారిలోని బురద అంటివుంది. పాలెగాడి వంశం ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. ఇదీ కథ. బురద ముక్క నాకు బాగా నచ్చింది. అబద్ధానికి అలాంటి తడి మరక ఒకటుంటే చాలు.

మరుసటి పొద్దున జేసీబీ స్టార్టు కాలేదు. బ్యాటరీ చచ్చిపోయింది, అంతకుముందు నుంచే మొరాయిస్తోందని ఆపరేటరే తర్వాత నాతో అన్నాడు. కాని ఆ పొద్దున అతను అలా అనలేదు. బండి దిగి, చెప్పులు విడిచి, రాయికి దండం పెట్టి, నేను ముట్టను సార్ అన్నాడు. శ్రీనివాస్ గారు నన్ను పిలిపించారు.

"మీరు చెప్పింది నిజమేనాండీ?" అన్నారు.

"నేను చెప్పింది నమ్మద్దండీ, నేను బొంకులోణ్ణని ఊరంతా చెబుతుంది" అన్నాను. ఇంతకంటే బాగా నమ్మించే మాట ఇంకొకటి లేదు.

రోడ్డు పక్కకు జరిగింది. రాయి నిలిచింది. తిమ్మక్క మా ఇంటికి ఒక పడి ఉలవలు పంపింది. నారాయణప్ప గారు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు తనకు తానుగా, "నేను తిరిగినదంతా వృథా, నీ బురద కాళ్ళే గెలిచినాయి" అన్నారు. సంతోషంగా అనలేదు. నాకు మాత్రం ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఏదో పని చేశాననిపించింది. ఆ సంతోషం వానలు వెళ్ళేదాకా ఉంది.

గుడి

లేఅవుట్ యజమానులు తెలివైనవాళ్ళు. కదలని రాయి, పాలెగాణ్ణి ఓడించిన రాయి తమ స్థలంలో ఉంటే దాన్ని ఊరికే వదులుతారా? గుడి కట్టారు. చుట్టూ టైల్సు, పైన గోపురం, ముందు ఇనుప గేటు. రాయికి రంగులు వేయించారు. తాతకు గులాబీ రంగు ఒళ్ళు, గడ్డం దాకా నల్లటి మీసం, తల మీద కిరీటం. గొడ్లు కాసినవాడికి కిరీటం. కుక్కకు పసుపు రంగు పూసి, నల్ల చారలు గీసి, పులిని చేశారు. దేవుడి కాళ్ళ దగ్గర కుక్క ఉంటే ప్లాటు కొనేవాళ్ళకు నచ్చదట. ఉలి చెక్కిన గీతలన్నీ రంగు కింద పూడిపోయాయి. పూజారిని పెట్టారు. మాంసం, మద్యం తేరాదని బోర్డు పెట్టారు.

రాగులు కొట్టాక తిమ్మక్క సంగటి కుండ, పులుసు గిన్నె నెత్తిన పెట్టుకుని పోయింది. నేనూ వెంట ఉన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. శ్రీనివాస్ గారు వచ్చారు, చేతులు జోడించే మాట్లాడారు.

"అమ్మా, మీ దేవుణ్ణి మేమే కదా కాపాడాం. కోడి వద్దమ్మా, ఇక్కడ కుటుంబాలున్నాయి. చక్కెర పొంగలి చేసి తీసుకురండి, నేనే దగ్గరుండి నైవేద్యం పెట్టిస్తాను."

"మా తాత పొంగలి తినడప్పా" అంది తిమ్మక్క. తర్వాత కటకటాల్లోంచి లోపలికి చూసి నన్నడిగింది, "కుక్క యాడ?"

నేను చారల పులిని చూపించలేక నేలచూపులు చూశాను.

అప్పుడు శ్రీనివాస్ గారికి నిజం చెప్పాను. పాలెగాడు లేడు, బండి లేదు, బురద లేదు, అన్నీ నేను అల్లినవి, ఇది ఈమె అత్తింటివాళ్ళ పెద్ద, వాళ్ళు పెట్టేది వాళ్ళను పెట్టుకోనివ్వండి అన్నాను. ఆయన నా భుజం తట్టి, మీరు భలే సరదా మనిషండీ అన్నారు. పక్కన పూలబుట్టతో నిలబడిన ఒక ఆంధ్రా ఆవిడ నన్ను మందలించింది. దేవుడి దగ్గర అలా మాట్లాడకూడదంది. పాలెగాడికి ఏం జరిగిందో నాకు మొదటి నుంచి చెప్పింది. నేను ఒక్క బండి చెబితే ఆమె దగ్గరికి వచ్చేసరికి ఏడు బండ్లయ్యాయి. బురద మాత్రం అలాగే ఉంది.

తిమ్మక్క కుండ దించలేదు. మిగిలింది ఇంటికి తేకూడదు, పెట్టడానికి చోటు లేదు. గేటు ముందు నుంచి వెనక్కి తిరిగి నడిచింది.

ఆ ఏడాదే నారాయణప్ప గారు సంఘం మూసేశారు. షెడ్డులో ఇప్పుడు గులాబీలు ఏరి కట్టలు కడుతున్నారు. అట్టముక్కలన్నీ ఆయన తన చేత్తోనే పొయ్యిలో పెట్టారు. వద్దన్నాను. వస్తువులే లేనప్పుడు వాటి పేర్లెందుకప్పా అన్నారు.

పని నేర్చుకోవాలని వచ్చిన పిల్లలకు

మీరు నిజం చెబితే జనం అయ్యో అని పోతారు. అబద్ధం చెబితే నమ్మి, రంగు వేసి, గేటు పెడతారు. వస్తువును చూపిస్తే కొనేవాడు వస్తాడు. దాచిపెడితే చెదలు వస్తాయి. ఇంకో దారి ఉందేమో మీరు కనిపెట్టండి, నాకు దొరకలేదు. పెద్ద చదువులవాళ్ళు చెప్పే మాటలు, సమాజ భాగస్వామ్యం వగైరా, మీటింగుల్లో నేనూ చెప్పాను. ఒక ఇంటిల్లిపాదీ ఏడాదికొకసారి కూర్చుని తినే చోటును ఆ మాటలేవీ కాపాడలేదు. కాపాడిన నా నోరే దాన్ని వాళ్ళకు కాకుండా చేసింది. అయినా తిమ్మక్క మళ్ళీ గుమ్మంలో నిలబడి అడిగితే మళ్ళీ బొంకు చెబుతాను.

మొన్న రాగులు కొట్టాక తిమ్మక్క కబురు పెట్టింది. పోయాను. కుండ, గిన్నె నెత్తిన పెట్టుకుని ఆమె ముందు, నేను వెనక. ఎటు పోయామో రాయను. ఇంకా అమ్ముడుపోని ఒక బీడు అంటే చాలు. అక్కడ బండలు చాలా ఉన్నాయి. వాటిలో మోకాలెత్తు రాయి ఒకదాని ముందు ఆమె కుండ దించింది. చెక్కడం లేదు, పసుపు లేదు, కుంకుమ లేదు. దాని పక్కన పిడికిలంత గులకరాయి.

"ఇదెవరు తిమ్మక్కా?"

"తాతే" అంది. "ఆడ ఉండేది వాండ్ల దేవుడు. ఇంక ఆయప్ప ఈడనే ఉంటాడని చెప్పుకున్నాను."

"చచ్చింది ఆడ కదా?"

"ఆడ నిలబడనిస్తారా?" అంది. గులకరాయి ముందు చిటికెడు సంగటి పులుసులో అద్ది పెట్టింది. కాసేపు ఆగి పెద్ద రాయి ముందు ముద్ద పెట్టింది. నా చేతిలో ఒకటి పెట్టి, "నీ నోరు నాకు తెలుసు. దీని గురించి యాడా చెప్పద్దు. బొంకు చెప్పద్దు, నిజమూ చెప్పద్దు" అంది. అలాగే అన్నాను.

మేమిద్దరమే తిన్నాం. ఇద్దరి తిండికి కుండ ఖాళీ కావడం లేదు. కడుపు పట్టనంత తిన్నాం. ఆమె కూతురు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఆ రోజు షిఫ్టు. కూతురికి ఈ రాయి చూపించావా అని అడిగాను.

"చూపించినానప్పా. ఇంటికి పోయినాక, యా రాయి అమ్మా అని మళ్ళా అడిగింది."

కుండ కడిగి బోర్లించుకుని బయలుదేరాం. గట్టు ఎక్కాక ఆగి వెనక్కి చూశాను. బండలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఇందాక మేము దేని ముందు కూర్చున్నామో నేనూ పోల్చుకోలేకపోయాను. తిమ్మక్కను అడుగుదామని తిరిగితే ఆమె అప్పటికే చాలా ముందుకు పోయింది.